పాత పికప్ ట్రక్కు క్యాబిన్‌లో స్పీకర్లు అమర్చడం ఎలా

తలుపు రేకుకు రంపం తగిలించే ముందు ఈ వ్యాసాన్ని చివరిదాకా చదవమని కోరుతున్నాను. పాత పికప్ ట్రక్కులో పాటలు వినాలనుకున్నవారిలో చాలామంది మొదటి రోజే తలుపులో గుండ్రటి చిల్లు కోస్తారు. స్పీకరు బిగించాక ధ్వని పలచగా, డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపించేసరికి ఇంకా పెద్ద స్పీకరు తెచ్చి పెడతారు. అదీ అలాగే మోగుతుంది. కోసిన రేకును మళ్లీ అతికి, వెల్డింగు మచ్చ కనబడకుండా నున్నగా చేసి, పాత రంగుకు సరిపోయే రంగు వేయడం ఎంత శ్రమతో కూడిన పనో ఒకసారి చేసినవారికి బాగా తెలుసు. కొత్తగా ఒక్క చిల్లు కూడా కోయకుండా మంచి ధ్వని రాబట్టడం సాధ్యమే. అందుకు కావలసింది పెద్ద స్పీకరు కాదు. స్పీకరు వెనుక గట్టిగా మూసిన పెట్టె, గలగలలాడని క్యాబిన్, సరిగ్గా వేసిన వైర్లు.

కారణం చెబుతాను. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ ఒకదానితో ఒకటి కలిస్తే రెండూ చెల్లిపోతాయి. 80 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు దాదాపు 4.3 మీటర్లు, అంత పొడవైన అలకు అరచేయంత రేకు అడ్డమే కాదు, అంచు చుట్టూ తిరిగి వచ్చి ఎదుటి అలను చంపేస్తుంది. పాత ట్రక్కు తలుపు లోపలి రేకు నిండా కిటికీ యంత్రం కోసం, మరమ్మతుల కోసం వదిలిన పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి. అందుకే తలుపులో పెట్టిన స్పీకరులో మద్దెల మోత, తంబురా మంద్రం మాయమై, తాళాల చప్పుడు మాత్రమే మిగులుతుంది. ముందు అలనూ వెనుక అలనూ విడదీయడమే ఈ పని మొత్తంలో అసలు విషయం. కింద చెప్పే ప్రతి దశా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా బ్యాటరీని పరిశీలించండి

స్పీకర్ల సంగతి ఆలోచించే ముందు బానెట్ ఎత్తి, వాహనంలో ఉన్నది ఏ రకం విద్యుత్తో తెలుసుకోండి. బ్యాటరీ మీద మూడు మూతలు ఉంటే అది 6 వోల్టులది, ఆరు ఉంటే 12 వోల్టులది, ఎందుకంటే ఒక్కో గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. మూతలు కనబడని బ్యాటరీ అయితే మల్టీమీటరుతో కొలవండి. అమెరికా పికప్‌లలో షెవర్లే 1955లో వచ్చిన కొత్త రూపంతోనూ, ఫోర్డ్ 1956 మోడల్‌తోనూ 12 వోల్టులకు మారాయి. అంతకు ముందువి 6 వోల్టులవి. కాని ఇన్నేళ్లలో ఎవరు ఏమి మార్చి ఉంటారో తెలియదు కనుక మోడల్ సంవత్సరాన్ని నమ్మి ఊరుకోకుండా కొలిచి చూడడమే మంచిది.

వోల్టుల కంటే ప్రమాదకరమైన అంశం ఎర్తు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి వచ్చే లావు కేబులు ఛాసిస్‌కు బిగించి ఉంటే ఆ వాహనం పాజిటివ్ ఎర్తుది. ఫోర్డ్ 6 వోల్టుల ట్రక్కులు చాలావరకు ఇలాంటివే. ఇప్పటి రేడియోల, యాంప్లిఫయర్ల ఇనుప కవచం రుణ ధ్రువానికి కలిసి ఉంటుంది కాబట్టి, పాజిటివ్ ఎర్తు ట్రక్కులో దాన్ని డ్యాష్‌బోర్డు రేకుకు ఆనించిన మరుక్షణం షార్టు సర్క్యూట్ అవుతుంది. దీనికి మూడు మార్గాలు ఉన్నాయి. వాహనాన్ని పూర్తిగా 12 వోల్టుల నెగటివ్ ఎర్తుకు మార్చవచ్చు. అప్పుడు బల్బులు, ఇగ్నిషన్ కాయిలు, మీటర్లు కూడా మార్చాలి. లేదా లోపలి వైపు ఎర్తూ బయటి వైపు ఎర్తూ ఒకదానితో ఒకటి కలవని ఐసొలేటెడ్ కన్వర్టరు పెట్టవచ్చు. అదీ వద్దనుకుంటే, రేడియో కవచం, ఏరియల్ అడుగు భాగం వాహనపు రేకుకు తగలకుండా చూసుకుని, సంగీతం కోసమే విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టి ఇంటి దగ్గర ఛార్జి చేసుకోవచ్చు. అసలు రూపాన్ని కాపాడాలనుకునేవారికి నేను ఈ మూడో మార్గాన్నే మొదట సూచిస్తాను, ఎందుకంటే అది వాహనపు పాత వైరింగును ముట్టుకోదు.

ఆల్టర్నేటర్ కాక పాత డైనమో ఉన్న ట్రక్కు అయితే మరో లెక్క వేసుకోండి. నాలుగు ఛానెళ్లకు 20 వాట్ల చొప్పున 80 వాట్లు రావాలంటే, యాంప్లిఫయర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 133 వాట్లు లాగాలి. 12 వోల్టుల వద్ద అది 11 ఆంపియర్లు. సంగీతం నిరంతరం పూర్తి శక్తితో మోగదు కాబట్టి సగటు వాడకం ఇందులో చిన్న భాగమే ఉంటుంది. అయినా ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో ఇచ్చేది చాలా తక్కువ అనీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు ఆ మొత్తమూ వాటికే చాలదనీ గుర్తుంచుకుని, పెద్ద యాంప్లిఫయర్ ఆలోచన మానుకోండి.

స్పీకరు ఎక్కడ పెట్టాలి

పాత పికప్‌లకు రేడియో అంటూ ఉంటే డ్యాష్‌బోర్డులో ఒక్క స్పీకరు ఉండేది, అదీ మోనో. ఆ చోటు ఇప్పటికీ పనికివస్తుంది. అందులో పట్టే 4 అంగుళాలకు 10 అంగుళాల కోలాకారపు స్పీకర్లు రెండు వాయిస్ కాయిళ్లతో (కోనును కదిలించే తీగచుట్టలతో) దొరుకుతాయి. ఎడమ ఛానెల్ ఒక కాయిలుకు, కుడి ఛానెల్ ఇంకో కాయిలుకు ఇస్తే ఒకే కోను రెండింటినీ పలుకుతుంది. మామూలు ఒంటి కాయిలు స్పీకరుకు ఎడమ, కుడి వైర్లను కలిపి ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయకండి, రేడియోలోని అవుట్‌పుట్ భాగం కాలిపోతుంది. డ్యాష్‌బోర్డు ధ్వని అద్దానికి తగిలి ముఖం మీదికి వస్తుంది కాబట్టి మాటలు స్పష్టంగా ఉంటాయి, మంద్రం ఉండదు. దాన్ని గాత్రం కోసం ఉంచుకుని, మిగతా పని వేరే చోటికి అప్పగించండి.

ఆ వేరే చోట్లలో నాకు అన్నిటికంటే నచ్చినది కాళ్ల పక్కన, డ్యాష్‌బోర్డు కింద, తలుపు కీలుకు ముందున్న పక్క గోడ. దీన్ని కిక్ ప్యానెల్ అంటారు. డ్రైవరు చెవికి ఎడమ స్పీకరు దూరం, కుడి స్పీకరు దూరం మధ్య తేడా తలుపుల్లో కంటే ఇక్కడ తక్కువ. అందువల్ల గాయకుడు ఒక పక్క తలుపులో కాక ఎదురుగా ఉన్నట్టు వినిపిస్తాడు. 6.5 అంగుళాల స్పీకరు పట్టే మూసిన గూళ్లు ప్రసిద్ధి చెందిన మోడళ్లకు అచ్చుపోసి అమ్ముతున్నారు. దొరకకపోతే ప్లైవుడ్‌తో చేసుకోవచ్చు. అయితే మూడు విషయాలు చూసుకోవాలి. చాలా ట్రక్కుల్లో ఇక్కడ బయటి గాలి వచ్చే తలుపు ఉంటుంది, దాన్ని మూసేస్తే ఎండాకాలంలో కాళ్లకు గాలి ఆడదు. క్లచ్ పెడలు, పార్కింగ్ బ్రేకు పెడలు పూర్తిగా తొక్కినప్పుడు మీ బూటు అంచు గూటికి తగలకూడదు. ఇది సౌకర్యం మాట కాదు, ప్రాణం మాట. ఇక అద్దం కింది జాలీలోంచి దిగే వాన నీరు ఈ గోడల లోపలి నుంచే కిందికి పోతుంది కాబట్టి, ఆ దారి ఆకులతో, మట్టితో పూడుకుపోయి ఉంటే ముందు దాన్ని శుభ్రం చేయండి.

సీటు వెనుక భాగం మంద్రానికి మంచిది. కాని ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. 1972 వరకు వచ్చిన షెవర్లే, ఫోర్డ్ పికప్‌లలో చాలావాటికి పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనుకే ఉంటుంది. సీటు వెనుక గోడలో స్క్రూ దింపే ముందు సీటు పూర్తిగా ముందుకు మడిచి, టార్చి వేసి, ట్యాంకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని గొట్టాలు, మీటరు వైరు ఎటు పోతున్నాయో కళ్లారా చూడండి. ట్యాంకు క్యాబిన్‌లో ఉంటే ఆ గోడకు డ్రిల్లు పెట్టవద్దు, స్పీకరు పెట్టెను ట్యాంకుకు ఆనించి బిగించవద్దు, ఆ చుట్టుపక్కల యాంప్లిఫయర్ పెట్టవద్దు. పెట్రోలు వాసన కొద్దిగా వస్తున్నా, ఆ లీకు కట్టేవరకు వైరింగు పని మొదలుపెట్టకండి.

సీటు కింద పెట్టాలనుకుంటే అసలు ఎత్తు తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టిని ముద్దలు చేసి సీటు కింద నాలుగైదు చోట్ల నేల మీద నిలబెట్టండి. మీకంటే బరువైన మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, గుంటల దారిలో కుదుపుకు ఎగిరినట్టు రెండు మూడు సార్లు ఎగిరి కూర్చోమనండి. తరువాత ముద్దలు చూస్తే స్ప్రింగుల అచ్చు వాటి నెత్తిన పడి ఉంటుంది. ఆ నలిగిన ముద్ద ఎత్తులోంచి 2 సెంటీమీటర్లు తీసేస్తే మీ పెట్టెకు దొరికే ఎత్తు. ఖాళీ సీటు కింద టేపుతో కొలిచినదానికీ దీనికీ ఉన్న తేడా మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది.

పైకప్పుకు వేలాడదీసే గూళ్లు చూపుకు అడ్డమై, ప్రమాదంలో తలకు తగులుతాయి కనుక నేను వాటిని సిఫారసు చేయను.

తలుపుల విషయానికి వస్తే, ఇంతకు ముందు యజమాని ఎవరో ఇప్పటికే చిల్లు కోసి ఉంటే దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. అలాంటప్పుడు అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, రేకు నుంచి అద్దం దాకా ఎంత లోతు ఉందో కొలవండి. అద్దం పైకి ఉన్నప్పుడు కొలిచిన లోతు అబద్ధం చెబుతుంది. కిటికీ హ్యాండిలు ఒక పూర్తి చుట్టు తిరిగేటప్పుడు స్పీకరు జాలీకి తగలకుండా చూడండి. తలుపు లోపల వాన నీరు కారడం లోపం కాదు, అది దాని స్వభావం. అద్దం పక్కనుంచి దిగి అడుగు రంధ్రాల గుండా బయటికి పోతుంది. నేను ఒకసారి తలుపులో కాగితపు కోను ఉన్న స్పీకరు పెట్టి, వెనుక ఏ రక్షణా ఇవ్వలేదు. మొదటి వర్షాకాలం గడిచేసరికి కోను అంచు ఉబ్బి, అప్పడంలా వంకర తిరిగింది, మాగ్నెట్ చుట్టూ ఎర్రటి తుప్పు చార పడింది. అప్పటి నుంచి తలుపుల్లో పాలిప్రొపిలిన్ కోను ఉన్నదే వాడుతున్నాను, వెనుక పైభాగాన రబ్బరు లేదా ఫోము గొడుగు పెడుతున్నాను, లోపలి రేకు ఖాళీలన్నిటినీ జిగురు పట్టీతో మూస్తున్నాను.

స్పీకరు ఎంపిక

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన గరిష్ఠ వాట్లను పట్టించుకోకండి. మామూలు కారు రేడియో మీద 50 వాట్లు అని రాసి ఉన్నా, 14.4 వోల్టుల మీద 4 ఓముల స్పీకరుకు అది శుభ్రంగా ఇవ్వగలిగేది ఛానెల్‌కు 20 వాట్ల చుట్టుపక్కలే. అందువల్ల చూడవలసింది సెన్సిటివిటీ, అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందన్నది. ఇది 3 డెసిబెళ్లు పెరిగితే అదే శబ్దానికి సగం శక్తి చాలు. 90 డెసిబెళ్లు, ఆపైన ఉన్న స్పీకర్లు పాత ట్రక్కు చిన్న రేడియోకు నప్పుతాయి.

రెండో అంకె క్యూటీఎస్ (Qts), అంటే కోను ఊగిసలాటను స్పీకరు తానే ఎంతవరకు అదుపు చేసుకుంటుందో చెప్పే కొలత. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పత్రంతో మొదలై, 1970లలో రిచర్డ్ స్మాల్ విస్తరించిన లెక్కల్లోంచి ఈ కొలతలు వచ్చాయి. స్పీకరుతో వచ్చే కాగితం మీద థీల్-స్మాల్ పారామీటర్లు అన్న శీర్షిక కింద ఉంటాయి. క్యూటీఎస్ 0.6కు మించి ఉంటే ఆ స్పీకరు తలుపులాంటి పెద్ద డొల్లలో బాగా పలుకుతుంది; 0.5 లోపు ఉంటే చిన్న మూసిన పెట్టెలో పొందికగా ఉంటుంది. మూడోది లోతు. మాగ్నెట్ వెనుక నుంచి బిగింపు అంచు దాకా ఉన్న లోతును కాగితం మీద చదివి ఊరుకోకుండా స్పీకరును చేతికి తీసుకుని స్కేలుతో కొలవండి, టెర్మినళ్లు పక్కకు ఎంత పొడుచుకు వచ్చాయో కూడా చూడండి.

అట్టతో ముందు బిగించి చూడండి

స్పీకరు చుట్టుకొలతకు, లోతుకు సరిపోయే నమూనాను గట్టి అట్టతో చేసి, అనుకున్న చోట టేపుతో అంటించి, ఆ ట్రక్కును రెండు రోజులు మామూలుగా నడపండి. పెడళ్లన్నీ తొక్కండి, సీటు ముందుకూ వెనక్కూ జరపండి, రెండు తలుపులూ వేసి తీయండి, గేరు రాడ్డును ప్రతి గేరులోనూ వేయండి. అట్ట ఎక్కడ నలిగిందో అక్కడ మీ పెట్టె తగులుతుందన్నమాట. ఈ దశను వదిలేసినవారే తరువాత పెట్టెను రెండోసారి చేసుకుంటారు.

బిగింపు కోసం కొత్త రంధ్రాలు వెతకవద్దు. సీటు బోల్టులు, తివాచీని పట్టి ఉంచే అంచు పట్టీ స్క్రూలు, కిక్ ప్యానెల్‌ను మొదట పట్టి ఉంచిన స్క్రూలు, ఇవన్నీ మీకు సిద్ధంగా ఉన్న రంధ్రాలే. పెట్టెకు ఇనుప పట్టీ తగిలించి, ఆ పట్టీని ఈ పాత స్క్రూల కిందికి తెస్తే ఎప్పుడు తీసేసినా ట్రక్కు మీద గుర్తు మిగలదు.

ఎక్కడైనా డ్రిల్లు తప్పదనుకుంటే స్పీకర్లను వాహనం దరిదాపుల్లో ఉంచకండి. ఇనుప రజను మాగ్నెట్ వైపు ఎలా పాకుతుందో నేను దగ్గరగా చూశాను. సీటు మీద పడుకోబెట్టిన స్పీకరు మీదికి వెంట్రుకంత సన్నని మెరుగు ముక్కలు చేరి, మాగ్నెట్ అంచు మీద ముళ్లలా నిలబడ్డాయి. కొన్ని వాయిస్ కాయిలు సందులోకి జారిపోయి, ప్రతి పెద్ద స్వరానికీ ఇసుక నూరినట్టు గరగర వినిపించింది. ఆ స్పీకరును మరి బాగుచేయలేకపోయాను. రేకు మీద పడిన రజనును కూడా వెంటనే వాక్యూముతో పీల్చండి, లేకపోతే కొద్ది రోజుల్లోనే రంగు మీద గోధుమ చుక్కలు పడతాయి. చిల్లు అంచుకు ప్రైమరు రాయడం మరవకండి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, కొన్ని పాత వాహనాల ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్ కూడా ఉండవచ్చు కాబట్టి, ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడ) మీది పాత పొరలను గీకకండి. డ్రిల్లు చేసేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోండి.

క్యాబిన్‌ను గట్టిపరచడం

స్పీకరు పెట్టే ముందు పైకప్పు మధ్యన, తలుపు బయటి రేకు మీద, వెనుక గోడ మీద పిడికిలితో మెల్లగా తట్టండి. ఖాళీ బిందె మీద కొట్టినట్టు సాగే మోత వస్తే ఆ రేకు మీ పాటతో పాటు తన పాట కూడా పాడుతుంది. దానికి అల్యూమినియం పైపొర ఉన్న బ్యూటైల్ రబ్బరు షీటు వాడండి. రేకును స్పిరిటుతో తుడిచి, షీటు ముక్కను రేకు మధ్యలో అంటించి, చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి. దాని మీద ఉన్న ఉబ్బెత్తు నమూనా చదునయ్యేదాకా నొక్కితేనే పట్టు కుదిరినట్టు. రేకు అంతా కప్పవలసిన పని లేదు. పాతిక నుంచి ముప్పై శాతం కప్పితే చాలావరకు మోత ఆగిపోతుంది, అదనపు షీటు బరువును తప్ప మరేమీ పెంచదు. మళ్లీ తట్టినప్పుడు పుస్తకం అట్ట మీద కొట్టినట్టు పొట్టి శబ్దం రావాలి.

ఇంటి కప్పులకు వాడే తారు షీటును ఈ పనికి వాడవద్దు. ఎండలో నిలిపిన క్యాబిన్‌లో అది మెత్తబడి జారుతుంది, ఆ వాసన క్యాబిన్‌ను వదలదు. తలుపు అడుగు రంధ్రాలను ఏ పొరతోనూ మూయకండి. ముందే తుప్పు పట్టిన రేకు ఉంటే ముందు తుప్పు తీసి రంగు వేశాకే అంటించండి, తుప్పును దాచిపెట్టే షీటు కింద రేకు నిశ్శబ్దంగా తినేయబడుతుంది.

పెట్టె తయారీ

పాత క్యాబిన్‌లోకి ఎక్కడో ఒకచోట నీరు వస్తుంది. ఎండీఎఫ్ పలక ధ్వనికి బాగుంటుంది గాని తడి తగిలితే ఉబ్బి పొట్టులా రాలుతుంది. అందువల్ల 12 మిల్లీమీటర్ల మంచి నీటి నిరోధక ప్లైవుడ్ వాడండి, కోసిన అంచులకు వార్నిష్ పట్టించండి.

ఉదాహరణకు సీటు వెనుక పట్టేలా బయటి కొలత 60 సెంటీమీటర్ల పొడవు, 25 ఎత్తు, 15 మందం ఉన్న పెట్టె అనుకుందాం. ప్రతి వైపూ పలక మందం 1.2 సెంటీమీటర్లు పోతే లోపలి కొలత 57.6, 22.6, 12.6. ఈ మూడింటినీ గుణిస్తే సుమారు 16,400 ఘన సెంటీమీటర్లు, అంటే 16.4 లీటర్లు. మధ్యలో అడ్డుపలక పెట్టి రెండు గదులు చేస్తే ఒక్కో గదికి దాదాపు 8 లీటర్లు వస్తుంది. 6.5 అంగుళాల స్పీకర్లు చాలావాటికి ఈ మూసిన గది సరిపోతుంది. అడ్డుపలక తప్పకుండా ఉండాలి, లేకపోతే ఒక స్పీకరు వెనుక గాలి ఇంకో స్పీకరు కోనును నెడుతూ రెండింటి ధ్వనినీ పాడుచేస్తుంది.

అతుకులన్నిటికీ జిగురు రాసి, 10 సెంటీమీటర్లకు ఒక స్క్రూ చొప్పున బిగించండి. జిగురు ఆరాక లోపలి మూలల వెంట సిలికాన్ పట్టీ వేయండి. సిలికాన్ పూర్తిగా ఆరేందుకు ఒక రోజు ఆగండి, ఎందుకంటే ఆరేటప్పుడు వచ్చే ఆవిరి రాగి టెర్మినళ్లకు మంచిది కాదు. వైరు బయటికి వచ్చే రంధ్రాన్ని కూడా మూయండి. గదిలో దిండు దూదిలాంటి పాలియెస్టర్ పీచును వదులుగా నింపితే ధ్వని మృదువవుతుంది. పెట్టె గాలి చొరకుండా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, స్పీకరు బిగించాక కోనును రెండు వైపులా వేళ్లతో సమానంగా, చాలా మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది తడబడుతూ, కాస్త నిదానంగా వెనక్కి వస్తే పెట్టె గట్టిగా ఉంది; టక్కున దూకితే ఎక్కడో సందు మిగిలింది.

వైర్లు

బ్యాటరీ కేబులు విప్పేటప్పుడు బాడీకి బిగించిన ధ్రువాన్ని ముందు విప్పండి. నెగటివ్ ఎర్తు అయితే రుణం, పాజిటివ్ ఎర్తు అయితే ధనం. ఇలా చేస్తే రెండో ధ్రువం విప్పేటప్పుడు పానా పొరపాటున రేకుకు తగిలినా నిప్పురవ్వ పుట్టదు.

పాత గుడ్డ చుట్టిన వైర్ల నుంచి రేడియోకు కరెంటు తీయకండి. ఆ గుడ్డ వేలితో నలిపితే పొడి అవుతుంది, లోపలి రాగి బయటపడుతుంది. బ్యాటరీ నుంచి కొత్త వైరు విడిగా లాగి, బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కాపాడేది రేడియోను కాదు, ఆ వైరును; బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరు ఎంత పొడవు ఉంటే మంట ప్రమాదం అంత ఎక్కువ. పైన లెక్కవేసిన 11 ఆంపియర్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల జంట వైరు సరిపోతుంది. ఫైర్‌వాల్‌లోంచి వైరు పోయే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి, ఏళ్ల తరబడి కుదుపులకు రేకు అంచు కత్తిలా పనిచేస్తుంది.

పాత రేడియోల్లో స్పీకరు ఒక తీగను బాడీకి కలిపేవారు. కొత్త రేడియోల్లో స్పీకరుకు పోయే రెండు తీగలూ యాంప్లిఫయర్ నుంచే వస్తాయి, వాటిలో ఏదీ రేకుకు తగలకూడదు. అందువల్ల ట్రక్కులో ఉన్న పాత స్పీకరు వైరును కొత్త రేడియోకు కలపాలనే ఆలోచన వదిలేయండి. డ్యాష్‌బోర్డు ముఖాన్ని కోయడం ఇష్టం లేనివారికి రెండు పిడుల పాత రేడియో రూపంలోనే కొత్త రేడియోలు వస్తున్నాయి. గ్లవ్‌బాక్సులో దాచే చిన్న బ్లూటూత్ యాంప్లిఫయర్ ఇంకా సులువు.

కరెంటు వైరు ఒక పక్క, స్పీకరు, సిగ్నలు వైర్లు ఇంకో పక్క లాగండి. ఎర్తు తీగలన్నీ ఒకే బోల్టు దగ్గరికి తెచ్చి, అక్కడ రంగు గీకి, తెల్లటి ఇనుము కనబడ్డాక బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తే అది ఆల్టర్నేటర్ నుంచి గాని, వదులు ఎర్తు నుంచి గాని వస్తుంది. ఇంజను తిరిగే లయలో టకటక వినిపిస్తే ఇగ్నిషన్‌ది. రెండోదానికి స్పార్క్ ప్లగ్గులకు రెసిస్టరు రకం వైర్లు వేస్తే చాలావరకు తగ్గుతుంది.

వినడం, సరిచూసుకోవడం

రేడియోకు కలిపే ముందు ప్రతి స్పీకరు వైరు చివరా మల్టీమీటరు పెట్టండి. 4 ఓముల స్పీకరు 3.2 నుంచి 3.6 ఓముల దాకా చూపుతుంది. సున్నా చూపితే షార్టు, ఏమీ చూపకపోతే తెగింది. ఒక తీగకూ బాడీకీ మధ్య కూడా కొలవండి, అక్కడ ఏ సంబంధమూ చూపకూడదు. తరువాత 1.5 వోల్టుల టార్చి సెల్లు ధన ధ్రువాన్ని స్పీకరు ప్లస్ తీగకు, రుణాన్ని మైనస్ తీగకు ఒక్క క్షణం తాకించండి. టప్ మని కోను బయటికి రావాలి. ఒక స్పీకరు బయటికి, ఇంకొకటి లోపలికి కదిలితే వాటి వైర్లలో ఒకటి తారుమారైందని అర్థం. అలా వదిలేస్తే రెండూ కలిసి మంద్రాన్ని మింగేస్తాయి.

డ్యాష్‌బోర్డులోని చిన్న స్పీకరుకు తక్కువ స్వరాలు పోకుండా ఆపాలి. రేడియోలో హై-పాస్ అమరిక ఉంటే అక్కడే పెట్టండి. లేకపోతే 4 ఓముల స్పీకరు ప్లస్ తీగలో వరుసగా 270 మైక్రోఫారడ్‌ల నాన్-పోలార్ కెపాసిటరు కలిపితే సుమారు 150 హెర్ట్జ్ కింద స్వరాలు క్రమంగా తగ్గుతాయి. రెండు కాయిళ్ల స్పీకరైతే ఒక్కో కాయిలుకు, దాని ఓముల ప్రకారం, ఒక్కోటి కావాలి.

మొదటి పాటను ఇంజను ఆపి, అద్దాలు మూసి, తక్కువ శబ్దంలో వినండి. మీకు బాగా తెలిసిన, ఒక్క గాత్రమూ ఒక మృదంగమూ ఉన్న పాట ఎంచుకోండి. నిండు వాద్య బృందంలో లోపాలు దాక్కుంటాయి. మృదంగం ఎడమ పక్క, తొప్పి మీద పడిన దెబ్బకు గుమ్మన్న నిండుదనం రావాలి. తరువాత శబ్దం కొంచెం పెంచి, ఏదైనా గలగల వినిపిస్తే చేతితో ఒక్కో రేకునూ, అద్దపు చట్రాన్నీ, యాష్‌ట్రేనూ, సన్‌వైజరునూ నొక్కుతూ పోండి. నొక్కగానే ఆగినది దొరుకుతుంది. దాని కింద చిన్న ఫోము ముక్క పెట్టండి. చాలా ట్రక్కుల్లో ఆ గలగల స్పీకరుది కాదు, గ్లవ్‌బాక్సు మూతది.

వంద కిలోమీటర్లు నడిపాక స్క్రూలన్నీ మళ్లీ ఒకసారి బిగించి చూడండి, ఎర్తు బోల్టు వేడెక్కుతోందేమో తాకి చూడండి. మొదటి పెద్ద వాన కురిసిన మరుసటి రోజు ఉదయం కిక్ ప్యానెల్ గూళ్ల కింద తివాచీ అంచు ఎత్తి, చెయ్యి పెట్టండి. తడి తగిలితే ఆ రోజే గూళ్లు విప్పి, నీరు ఏ సందులోంచి దిగుతోందో చూసి కట్టేశాకే మళ్లీ బిగించండి.